రూళ్ళకర్రమ్మ చెవులు

కొత్త కోడలు ఇంట్లో అడుగుపెడితే ఏ అత్తగారైనా ముందు ఏ అలమరలో ఏముందో చూపిస్తుంది. ఈ అత్తగారు మాత్రం కోడల్ని స్కూటరు వెనక ఎక్కించుకుని, ఊరి చివర పాత రాతి క్వారీలో ఉన్న షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళింది.

అక్కడ ఆవిడ స్కూటరు చప్పుడు వినిపిస్తే చాలు, కుర్చీల్లో జారగిలబడ్డవాళ్ళు నిటారుగా సర్దుకునేవారు. ఎదురుగా అందరూ ‘మేడమ్’ అనేవారు. వెనకాల మాత్రం ఆవిడ పేరు రూళ్ళకర్రమ్మ. వయసులో ఉన్నప్పుడు పిస్తోలు పోటీల్లో పతకాలు గెలిచింది. పోటీలు మానేసినా రేంజ్ మానలేదు. గోడ మీద ఎర్రరంగుతో రాసిన నియమాల్లో సగానికి పైగా ఆవిడ పట్టుబట్టి రాయించినవే. తుపాకీ గొట్టం ఎప్పుడూ ఎదురుగా ఉన్న మట్టికట్ట వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి చూస్తున్న మనిషిని పలకరించకూడదు, తాకకూడదు, అడగని సలహా అసలే ఇవ్వకూడదు. ఎవరి లేన్‌లో రాలిన ఖాళీ తూటా తొడుగుల్ని వాళ్ళే ఊడ్చుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. ఇక అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో ఇంకొకటి ఉండేది: టార్గెట్ల దగ్గర మనుషులున్నప్పుడు తుపాకీ ముట్టుకున్నవాళ్ళు ఆ క్షణమే రేంజ్ వదిలి వెళ్ళాలి. మళ్ళీ అ ఆల నుంచి శిక్షణ తీసుకుని, పరీక్ష నెగ్గితేనే లోపలికి రావాలి. ఎవరైనా సరే.

‘ఎవరైనా సరే’ అన్న మాట ఆవిడ రంగు ఆరకముందే వచ్చి చేర్పించిందట.

కోడలికి మొదట్లో చాలా రోజులు తుపాకీ ఇవ్వనేలేదు. పిస్తోలు ఆకారంలో చెక్కిన కర్రముక్క ఒకటి చేతికిచ్చి, దాన్ని బల్ల మీద పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం చేయించింది.

“పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారమ్మాయ్. ముందు కింద పెట్టడం నేర్చుకో,” అనేది.

కోడలికి ఒళ్ళు మండేది. అత్త మీద కోపం దుత్త మీద చూపిద్దామంటే ఇంట్లో దుత్త కూడా లేదు, అన్నీ స్టీలు గిన్నెలే. భర్త దగ్గర గొణిగితే అతను నవ్వేవాడు. అతను ఇంటి ముందు గదిలో కూర్చుని పళ్ళ డాక్టర్ల కోసం కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. చుట్టూ బల్లల నిండా ప్లాస్టర్ దవడలు పళ్ళికిలించి చూస్తుంటాయి. ఆ ఇంట్లో రేంజ్‌కి వెళ్ళని మనిషి అతనొక్కడే. చిన్నప్పుడు తల్లి ఒకసారి తీసుకెళితే మొదటి తూటా చప్పుడుకే గుక్కపట్టి ఏడ్చాడు. ఆ తర్వాత ఆవిడ రమ్మనలేదు, అతను వస్తాననలేదు. ఇప్పటికీ పక్కింట్లో తలుపు ధడాలున పడితే చేతిలో దవడ జారవిడుస్తాడు.

కాలం గడిచేకొద్దీ కోడలికి కర్రముక్క మీది కోపం పోయింది. తను కాల్చడంలో అంతంతమాత్రమే. కానీ పదిమంది కాలుస్తున్న చోట ఎవరి చెయ్యి ఎటు పోతోందో, ఎవరి కన్ను ఎక్కడుందో కనిపెట్టి చూడటంలో ఆమెని మించినవాళ్ళు లేరు. చివరికి ఆ రేంజ్‌కే ఆఫీసర్ అయింది. కాల్చేవాళ్ళ లైను నడిపే పని ఆమెదే. ‘ఆపండి’ అని కేక వేస్తే తుపాకులు ఖాళీ అయి బల్లల మీదికి చేరాలి, మనుషులు నేల మీది పసుపు గీతకి వెనక్కి రావాలి. ఆమె ప్రతి తుపాకీ చూసి ‘వెళ్ళండి’ అన్నాకే ఎవరైనా టార్గెట్ల దగ్గరికి నడవాలి. ‘ఆపండి’ కేకతో పాటు మట్టికట్ట పైన ఎర్రదీపం వెలుగుతుంది. రూళ్ళకర్రమ్మ కోడలి చేతికింద కాల్చడం చూసి మొదట్లో అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు గానీ, కేక వినపడగానే అందరికన్నా ముందు తుపాకీ దించేది ఆవిడే.

అలాగని అందరూ అనుకున్నారు. నిజానికి ఆవిడకి కేక వినపడి చాలా కాలమైంది.

రేంజ్‌లో అందరూ తూటాల చప్పుడు సోకకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుంటారు. పక్కవాడు చెప్పింది వినపడక ‘ఆఁ? ఏంటీ?’ అని అడగని మనిషుండడు. చెవిటివాళ్ళ ఊళ్ళో చెవిటితనం ఎవరికి తెలుస్తుంది? ఆవిడ ఎర్రదీపం చూసి ఆపేది. పక్కవాళ్ళ మోచేతులు దిగితే తనూ దించేది. ఇంట్లో మాత్రం సంగతి వేరు. మాట్లాడేటప్పుడు మొహం చూసి మాట్లాడాలని ఆవిడ పట్టుబడితే అది పెద్దరికం అనుకున్నారు. కాఫీ కావాలా అన్నప్పుడు, ఫీజు నిన్ననే కట్టానని ఆవిడ చెబితే, అడిగింది ఒకటి చెప్పింది ఒకటి అని నవ్వుకుని, వయసు అనుకున్నారు. వాళ్ళకే తెలియకుండా వాళ్ళ గొంతులు పెరిగిపోయాయి. ఇల్లంతా సంతలా ఉంటుందని చుట్టాలు అనేవారు.

ఆ ఆదివారం పొద్దున రేంజ్‌లో కరెంటు లేదు. దీపం వెలగదు కాబట్టి కేకని బట్టే ఆపాలని కోడలు అందరినీ నిలబెట్టి చెప్పింది. అందరూ తల ఊపారు. అత్త కూడా ఊపింది. ఆవిడ ఎప్పుడూ నిలబడే నడిమి లేన్‌లో బల్ల కాలు విరిగి మరమ్మతుకి పోయింది కాబట్టి, గోడ పక్కన చివరి లేన్‌కి వెళ్ళింది. అక్కడ ఎగిరిపడే తూటా తొడుగులు పక్కవాళ్ళకి తగలకుండా చెక్క అడ్డం ఉంటుంది. లోపల నిలబడ్డవాళ్ళకి పక్కవాళ్ళెవరూ కనబడరు.

కాసేపు కాల్చాక ఆవిడ పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, వెనక కుర్చీలో కూర్చుని, తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కోడలు ‘ఆపండి’ అని కేక వేసింది. ఒక్కొక్క లేన్ చూసుకుంటూ వచ్చింది. అత్త తుపాకీ బల్ల మీదే ఉంది, ఖాళీగా ఉంది, మనిషి గీతకి వెనకే ఉంది. సరే అనుకుని అందరినీ వెళ్ళమంది. అత్త పక్క లేన్‌లో కాల్చేది ఊళ్ళో బేకరీ నడిపే ఆయన. ఆయన కొత్త కాగితం, పిన్నులు పట్టుకుని మట్టికట్ట వైపు నడిచాడు. ఎవరో కొత్తామె తన మఫ్ పట్టీ వదులైందంటే కోడలు అటు తిరిగి సరిచేసింది.

మళ్ళీ ఇటు తిరిగేసరికి అత్త కుర్చీలో లేదు. గీత దాటి బల్ల దగ్గర నిలబడి ఉంది. తూటాలు నింపిన మ్యాగజైన్ పిస్తోలు పిడిలోకి తోస్తోంది. ఎదురుగా, కాస్త పక్కకి, బేకరీ ఆయన వీపు.

“ఆపండి!” అని అరిచింది కోడలు. గీత వెనక ఉన్నవాళ్ళంతా చూసి వాళ్ళూ అరిచారు. క్వారీ గోడలు ఆ కేకని తిరిగి పంపాయి. అత్త మెడ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఆ క్షణంలోనే కోడలికి ఇన్నాళ్ళ కాఫీ సంగతి, మొహం చూసి మాట్లాడమన్న సంగతి అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి.

పరుగెత్తి వెనకనుంచి పట్టుకుంటే ఉలిక్కిపడి వేలు బిగుసుకోవచ్చు. కోడలు పక్కనుంచి వెళ్ళింది. ముందు తన చెయ్యి చాచి అత్త కళ్ళకి కనబడనిచ్చింది. తర్వాత రెండో చేతిని అత్త మణికట్టు మీద వేసి, గొట్టం నేల వైపు తిరిగేలా, నెమ్మదిగా బల్లకి అదిమింది.

లైను మీద తనని తాకిన మనిషి వంక అత్త నిప్పులు కక్కుతూ చూసింది. కోడలు కళ్ళతోనే ముందుకి చూపించింది. అత్త అటు చూసింది. బేకరీ ఆయన కాగితానికి పిన్ను గుచ్చుతూ, నోట్లో ఇంకో పిన్ను పట్టుకుని, ఏమిటీ గోల అన్నట్టు అప్పుడే వెనక్కి తిరుగుతున్నాడు.

అత్త వేళ్ళు పిస్తోలుని వదిలేశాయి.

టార్గెట్ల దగ్గరున్నవాళ్ళంతా వెనక్కి వచ్చారు. అందరి చూపూ గోడ మీదికి పోయి, అక్కణ్ణుంచి కోడలి మీదికి వచ్చింది. పెద్దావిడ, పొరపాటు, వదిలేద్దామని బేకరీ ఆయనే గొణిగాడు. కోడలు అత్త మఫ్‌లు తన చేతులతో తీసి, ఎదురుగా, పెదవులు కనబడేలా నిలబడింది.

“అత్తయ్యా, మీరు వెళ్ళాలి.”

అత్తకి అది వినపడలేదు, కనబడింది. తల ఊపింది. తనే మ్యాగజైన్ తీసి, పిస్తోలు ఖాళీగా ఉందని కోడలికి చూపించి, పెట్టెలో పెట్టి మూత వేసింది. అంతటితో వెళ్ళిపోలేదు. మూల నుంచి చీపురు తెచ్చి, తన లేన్‌లో రాలిన తొడుగులన్నీ ఊడ్చి డబ్బాలో పోసింది. చీపురు యథాస్థానంలో పెట్టి బయటికి నడిచింది. రేంజ్ మూసేదాకా ఎండలో స్కూటరు పక్కన నిలబడే ఉంది. నీడలో కూర్చోమని ఎవరో కుర్చీ తీసుకెళ్ళి ఇస్తే వద్దంది.

కోడలు ఆ రోజే రేంజ్ కమిటీ వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్త చెవుల సంగతి చెప్పింది, తన సంగతీ దాచలేదు. ఇంకెవరైనా అయితే ఓ కన్ను వేసి ఉంచేదాన్ననీ, అత్తయ్య కాబట్టి చూడక్కర్లేదనుకున్నాననీ ఒప్పుకుంది. ఆ తర్వాతి నుంచి మనుషులు టార్గెట్ల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పసుపు గీత మీదే కళ్ళు పెట్టి నిలబడటానికి ఇంకో మనిషిని వేశారు.

ఇంట్లో కొన్నాళ్ళు ఆ సంత సద్దుమణిగింది. అత్త అన్నానికి వచ్చి కూర్చునేది, తినేది, తన గదిలోకి వెళ్ళిపోయేది. కొడుకు ఏదో ఒక జోకు వేయబోయి, మధ్యలోనే ఆపి, తన దవడల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. నువ్వు చేసింది తప్పు కాదని భార్యతో అన్నాడు. తప్పు కాదని తెలిసినా ముద్ద దిగట్లేదని ఆమె అంది. అత్తని అందరి ముందూ పంపేసిన కోడలని ఎవరేమనుకున్నా ఆమెకి దిగుల్లేదు. ఎండలో స్కూటరు పక్కన నిలబడ్డ ఆ ఆకారమే కళ్ళముందు నుంచి పోవట్లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆరిన బట్టలు మడతపెడుతుంటే అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. ఓ దుప్పటి కొస అందుకుంది. ఇద్దరూ చెరో పక్కా పట్టి మడిచారు. మడత పూర్తయి, ఇద్దరి చేతులూ దగ్గరికొచ్చాక అత్త కొస వదల్లేదు.

“ఆ రోజు నువ్వు నన్ను పంపకపోయుంటే, నిన్ను ఆ పనిలోంచి నేనే తీయించేదాన్ని,” అంది.

“ఎప్పట్నుంచి అత్తయ్యా వినపడట్లేదు?” అని అడిగింది కోడలు మెల్లగా. అడిగాక, అంత మెల్లగా అడిగితే వినపడదని గుర్తొచ్చి మళ్ళీ నోరు తెరవబోయింది.

“అర్థమైందిలే,” అంది అత్త. “తెలీదమ్మాయ్. ఒక్కసారి పోలేదుగా. ముందు పిట్టలు పోయాయి. తర్వాత కుక్కర్ విజిల్. చెబితే రేంజ్‌కి వద్దంటారని భయమేసింది. ఆ ఒక్క భయమే చూసుకున్నాను. బేకరీ ఆయన వీపు గురించి ఆలోచించలేదు.”

దుప్పటి ఆమె చేతుల్లో పెట్టి, బేకరీకి తోడు రమ్మంది.

బేకరీలో అప్పుడే పెద్ద పొయ్యి లోంచి రొట్టెల ట్రేలు తీస్తున్నారు. ఆయన చేతులకి పిండి, నుదుటికి చెమట. అత్తని చూసి కంగారుపడి, కూర్చోమని స్టూలు తుడిచాడు. ఆవిడ కూర్చోలేదు. తప్పు తనదేననీ, చెవుల సంగతి దాచాననీ, క్షమించమని అడగడానికి వచ్చాననీ నిలబడే చెప్పింది. ఏం ఫర్లేదమ్మా అంటాడనుకుంది కోడలు. ఆయన అలా అనలేదు. ట్రే కింద పెట్టి, ఆవిడకి తన మొహం బాగా కనబడేలా వెలుతురులోకి వచ్చి నిలబడ్డాడు.

“భయపడ్డానమ్మా. అబద్ధమెందుకు? ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆవిడ ఇంక రేంజ్‌కి పోవద్దని ఒట్టు పెట్టించుకోబోయింది.”

“మరి?” అంది అత్త.

“పెట్టలేదు. మీ కోడలు ఆపిందిగా. అలాంటి మనిషి ఉన్నచోటికి రాకపోతే ఇంకెక్కడికి పోను?”

అత్త చాలాసేపు ఆయన పెదవుల వంకే చూసింది. ఆ మాటలు రెండోసారి చదువుతున్నట్టుగా. తర్వాత వేడి రొట్టె ఒకటి అడిగి కట్టించుకుంది. దారిలో స్కూటరు వెనక కూర్చుని, కోడలి భుజం మీదుగా, చెవుల డాక్టరు ఎక్కడుంటాడో కనుక్కోమంది.

చెవుల డాక్టరు దగ్గర పెద్ద తమాషా జరిగింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడగానే మీట నొక్కమన్నాడు. ఆవిడ టపాటపా నొక్కేస్తోంది. వినికిడి మహా బాగుందే అని డాక్టరు ఆశ్చర్యపోయాడు. కోడలు కాసేపు చూసి, ఆవిడ మీ చెయ్యి చూసి నొక్కుతోందండీ అని చెప్పేసింది. డాక్టరు కుర్చీ గోడ వైపు తిప్పించాడు. ఆ తర్వాత మీట చాలాసేపు మూగబోయింది. గోడకేసి, వేలు మీట మీద సిద్ధంగా పెట్టుకుని, రాని చప్పుడు కోసం అంత నిటారుగా కూర్చున్న ఆ వీపు చూస్తూ కోడలు కళ్ళు తుడుచుకుంది.

వయసుతో వచ్చేది కొంత, ఆ పాతకాలంలో చెవుల్లో దూది కుక్కుకుని కాల్చినప్పటి దెబ్బ చాలా అని డాక్టరు చెప్పాడు. మిషన్లు పెట్టుకుంటే మాటలు వినపడతాయన్నాడు. రేంజ్‌కి వెళ్ళాలంటే మాత్రం మిషన్లు తీసేసి, చెవుల లోపల ఒక రక్షణ, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోవాలి. ఉన్న కాస్తా కాపాడుకోవాలి.

మిషన్లు పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు గదిలో కొడుకు ఆకురాయి పెడుతూ కూనిరాగం తీస్తున్నాడు. ఆవిడ చెప్పులు విప్పకుండా అలాగే నిలబడి, అది అయిపోయేదాకా విన్నది. వీడు పాడతాడా అని కోడల్ని అడిగింది. రోజూ పాడతాడనీ, రాగం మాత్రం ఎప్పుడూ కుదరదనీ కోడలు ఎప్పటి గొంతుతో చెప్పింది. అత్త రెండు చెవులూ మూసుకుంది.

“ఎందుకమ్మాయ్ అలా అరుస్తావు? ఇక్కడే ఉన్నానుగా,” అంది.

ఆ పూట ముగ్గురూ గుసగుసలుగా మాట్లాడుకుంటూ భోంచేశారు. ఎవరి గొంతు వాళ్ళకే కొత్తగా ఉంది. కొడుకు నవ్వాపుకోలేక మంచినీళ్ళు ముక్కులోకి పోయి దగ్గితే, ఆ దగ్గు కూడా వినడానికి బాగుందని తల్లి అంది.

రేంజ్ మాట మళ్ళీ వచ్చేసరికి కొన్ని వారాలు పట్టింది. అత్త కొత్తవాళ్ళతో పాటు బెంచీ మీద కూర్చుని శిక్షణ మొత్తం తీసుకుంది. పరీక్ష పెట్టాల్సింది కోడలే. ప్రశ్నలు అడుగుతుంటే ఆమెకే మాటలు తడబడ్డాయి. ఒక ప్రశ్న సరిగ్గా అడగలేదని అత్త దిద్దింది, దిద్ది జవాబు చెప్పింది. నెగ్గింది. కానీ నెగ్గినా చిక్కు తీరలేదు. మిషన్లు తీసేస్తే లైను మీద ఆవిడ మళ్ళీ చెవిటిదే. దీపం ఒక్కదాన్నే నమ్ముకోలేమని తేలిపోయింది. కేక వినగలిగిన మనిషి ఒకరు ఎప్పుడూ వెనకాల ఉంటే తప్ప కాల్చనివ్వనని కోడలు ఖచ్చితంగా చెప్పేసింది.

“ముసలిదాని వెనక ఊరికే నిలబడేదెవరే?” అంది అత్త. కోపంగా కాదు. పిస్తోలు పెట్టె బీరువా పైకి ఎక్కించమంది.

ముందు గదిలోంచి కొడుకు, చేతిలో దవడ పళ్ళు తోముతూనే, “నేను నిలబడతా,” అన్నాడు.

అత్తాకోడళ్ళిద్దరూ అటు తిరిగారు.

“నీకు చప్పుడు పడదు కదరా,” అంది తల్లి.

“పడదు. అయితే ఏంటి?”

ఎలా నిలబడాలన్నది కోడలు ఆలోచించింది. ఆపాల్సి వచ్చినప్పుడు భుజం తట్టమంటే, తట్టడం మర్చిపోయినా ఆలస్యమైనా ప్రమాదమే. అందుకని తిరగేసి పెట్టింది. కొడుకు చెయ్యి తల్లి భుజం మీద ఉన్నంతసేపే ఆవిడ తుపాకీ ముట్టుకోవచ్చు. కేక వినపడగానే అతను చెయ్యి తీసేస్తాడు. చెయ్యి లేదంటే తుపాకీ బల్ల మీద ఉండాలి, అంతే. మనిషిని తాకకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు. కమిటీ ఒప్పుకుంది. అత్త కర్రముక్కతో కొడుక్కి ఇంట్లోనే అలవాటు చేయించింది. వంటింట్లో నిలబడి పొయ్యి వైపు గురి చూస్తున్న అత్త, వెనక చెయ్యి వేస్తూ తీస్తూ ఉన్న తన మొగుడు. ఇల్లంతా అదోలా ఉందని కోడలు నవ్వుకుంది.

రేంజ్‌కి వెళ్ళిన రోజు అతను తెల్లచొక్కా వేసుకొచ్చాడు, ఏదో పెళ్ళికి వచ్చినట్టు. చెవులకి మఫ్‌లు మాత్రమే, కేక వినపడాలి కదా. బేకరీ ఆయన తన లేన్‌లోంచి వచ్చి, వేళ్ళు విరిచేలా కరచాలనం చేసి వెళ్ళాడు. చివరి లేన్‌లో చెక్క అడ్డం తీయించేశారు. అత్త నిలబడింది. కొడుకు వెనక నిలబడి చెయ్యి వేశాడు. కోడలు కాల్చమని కేక వేసింది.

పక్క లేన్లలోంచి మొదటి తూటా పేలగానే అతని ఒళ్ళంతా ఎగిరిపడింది. చెయ్యి మాత్రం లేవలేదు. అత్తకి చప్పుడు చెవులతో తెలియలేదు, భుజంతో తెలిసింది. లైనులో ఎవరు కాల్చినా ఆ అరచెయ్యి ఒకసారి అదిరి, మళ్ళీ గట్టిగా అతుక్కుంటోంది. ఆవిడ రెండు తూటాలు కాల్చింది. మూడోదానికి గురి పెట్టి, ఆగి, పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టేసింది. గీతకి వెనక్కి వచ్చి, కొడుకుని బయటి వరండాలోకి తీసుకెళ్ళింది. మఫ్‌లు తీసి, చెవి మిషన్లు పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోదామంది.

అతను ఎందుకని అడిగాడు. ఇంకా తూటాలున్నాయిగా అన్నాడు.

“ఉండనీ. నువ్వు వణుకుతున్నావు.”

“వణుకుతా. చిన్నప్పుడూ వణికాను. అప్పుడు నీ పరువు తీశాను.”

“పరువేంటిరా?”

“అందరూ చూస్తుండగా ఏడ్చానుగా. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ తీసుకెళ్ళలేదు నువ్వు.”

తల్లి అతని వంక వింతగా చూసింది. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈ మాట ఎప్పుడూ వినలేదన్నట్టు. వినేదాకా ఆవిడ రాలేదు మరి, చెప్పేదాకా అతనూ రాలేదు.

“నువ్వు భయపడ్డావని మానేశాను గానీ, పరువుదేముందిరా? ఆ రోజు బండి మీద వెనక కూర్చుని, రెండు చేతులతో నన్ను చుట్టేసి, వీపుకి మొహం ఆనించావు. నువ్వు అలా కూర్చునే పిల్లాడివా? ఎప్పుడూ చెయ్యి విదిలించుకుని పారిపోయేవాడివి. ఇల్లు వచ్చేస్తే వదిలేస్తావని, నేను చుట్టుతిరిగి వెళ్ళాను. పెట్రోలు బంకు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాను.”

అతను మఫ్‌లు చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. కాసేపటికి వాటిని తలకి తగిలించుకుని, లోపలికి పదమన్నట్టు తల ఆడించాడు. ఆవిడ కూడా మిషన్లు తీసి డబ్బీలో పెట్టింది.

లైను మీద కోడలికి ఇదంతా తెలియదు. వాళ్ళిద్దరూ లోపలికి వస్తూ కనబడితే, మానేశారనుకుని దిగులుపడ్డ మనసు కుదుటపడింది. భర్త కళ్ళు ఎర్రగా ఉండటం చూసి, తుపాకిమందు పొగ పడలేదేమో అనుకుంది.

ఆ రోజు అత్త కాల్చినవాటిలో సగం గురి తప్పాయి. ఆపండని కోడలు కేక వేసినప్పుడల్లా కొడుకు చెయ్యి లేచింది, ఆవిడ తుపాకీ బల్ల మీదికి చేరింది, ఒక్కసారి కూడా తేడా రాలేదు. చివర్లో అతను బేకరీ ఆయనతో పాటు మట్టికట్ట దాకా నడిచి వెళ్ళి, తల్లి టార్గెట్ కాగితం ఊడదీసుకొచ్చాడు. దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, కన్నాలు చూశాడు. ఈ విద్యలో అతనికి ఓనమాలు తెలియవు.

“ఇది బాగున్నట్టా, బాగోనట్టా?” అని చాలా గంభీరంగా అడిగాడు.

తల్లి అప్పుడే రెండో చెవి మిషన్ సర్దుకుంటోంది. “ఘోరంగా ఉంది,” అంది. అని, ఎప్పుడూ అక్కడ నవ్వని మనిషి, నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. లైను మీదున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆవిడ చీపురు అందుకుని తన లేన్ ఊడవసాగింది. కొడుకు కాగితం నాలుగు మడతలు పెట్టి తెల్లచొక్కా జేబులో దాచుకుని, చేట పట్టుకుని ఆవిడ ముందు వంగాడు.